యాక్సిల్ మార్చమన్నారు... కొత్తదా, రీకండిషన్‌దా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం యాక్సిల్ షాఫ్టుల గురించే. ఒకరికి రాసిన జవాబు ఇంకొకరికీ పనికొస్తుందని అన్నీ ఒకేచోట పెట్టాను, మీ ప్రశ్న కాకపోయినా చదవండి. ముందు చక్రాలతో నడిచే కార్లలో గేర్‌బాక్స్‌కీ చక్రానికీ మధ్య ఉండే కడ్డీ గురించే ఎక్కువమంది అడిగారు, యాక్సిల్ షాఫ్టు అన్నా డ్రైవ్ షాఫ్ట్ అన్నా అదే. దానికి రెండు చివర్లా రెండు జాయింట్లు (వీటినే సీవీ జాయింట్లంటారు), వాటి మీద రబ్బరు బూట్లు, అంటే తొడుగులు, బూట్ల లోపల గ్రీజు ఉంటాయి. బొలెరో వెనక యాక్సిల్ గురించి ఒకరు అడిగారు, అది పూర్తిగా వేరే సంగతి, దాన్ని విడిగా రాశాను.

ప్రశ్న: మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. 2012 క్యామ్రీ, లక్షన్నర మైళ్లు తిరిగింది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి కదిలిస్తే టకటకా చప్పుడు. షాపులో మూడు రేట్లు చెప్పారు. ఎప్పుడూ వినని బ్రాండు కొత్త షాఫ్టు లైఫ్‌టైమ్ వారంటీతో అన్నిటికన్నా చవక. రీమాన్యుఫ్యాక్చర్డ్‌ది దానికన్నా కాస్త ఎక్కువ, పైగా పాత షాఫ్టు తెచ్చిచ్చేదాకా కోర్ డిపాజిట్ కట్టాలి. డీలర్ దగ్గర కొత్తదైతే వీటికి మూడు నాలుగింతలు. ఎంతైనా కొత్తది కొత్తదే అని మా ఆవిడ అంటోంది, నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.
— ఒక పాఠకుడు

జవాబు: ముందు ఏ పక్కది పోయిందో తేల్చుకోండి, ఎందుకంటే తప్పు పక్క షాఫ్టు మార్పించుకుని చప్పుడు అలాగే ఉందని మళ్లీ షాపుకి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎడమకి తిప్పినప్పుడు టకటకలాడితే సాధారణంగా కుడి చక్రం దగ్గరి బయటి జాయింట్‌ని అనుమానించాలి, మలుపులో బరువు బయటి చక్రం మీదే పడుతుంది కాబట్టి. ఆ చక్రం వెనక టార్చి వేసి చూడండి. బూటు మడతల్లో ఎక్కడో చీలి, చక్రం లోపలి అంచు మీదా సస్పెన్షన్ మీదా నల్లటి గ్రీజు గీతలుగా చిమ్మి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. కొత్తది అన్న మాట మీకు ఒక్క విషయమే చెబుతుంది, దాన్ని ఇంతకుముందు ఎవరూ వాడలేదని. అది ఎంత గట్టి ఉక్కుతో చేశారో, మీ కారు కొలతకి ఎంత దగ్గరగా ఉందో చెప్పదు. బయటి జాయింట్ లోపల మామూలుగా ఆరు ఉక్కు గుండ్లుంటాయి, వాటిని పట్టి ఉంచే కేజ్ ఒకటి, గుండ్లు దొర్లడానికి లోపలి రింగుమీదా బయటి గిన్నెలోనూ వంపు గాడులు. ఫోర్డ్‌లో ఇంజనీరుగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920లలో చేసిన రూపకల్పన ఇది, ఇవాళ్టికీ దాదాపు అన్ని కార్లలోనూ ఇదే నడుస్తోంది. చక్రం ఎంత వంగినా తిరుగుడు ఎక్కడా కుదుపు లేకుండా అందాలంటే ఆ గాడుల ఆకారం సరిగ్గా ఉండాలి, వాటి పైపొర గట్టిగా ఉండాలి. పైపొర అంటున్నానని గమనించండి. గాడి ఉపరితలాన్ని మాత్రమే వేడిచేసి గట్టిపరుస్తారు, లోపలి ఉక్కు అంత గట్టిగా ఉండదు.

రీమాన్ చేసేవాళ్లు పాత షాఫ్టులు పోగేసి, విప్పి, కడిగి, అరిగిన గాడుల్ని గ్రైండింగ్ చేసి, ఆ మేరకు కాస్త పెద్ద గుండ్లు వేసి, కొత్త బూట్లు, కొత్త గ్రీజు, కొత్త క్లాంపులతో బిగిస్తారు. చేసే పని సరిగ్గా చేస్తే ఇది చాలా మంచి వస్తువు, ఎందుకంటే అసలు కడ్డీ టయోటా వాళ్లదే, పొడవు అదే, లావు అదే, మధ్యలో వణుకు తగ్గించడానికి బిగించే రబ్బరు బరువు ఉంటే అదీ ఉంటుంది. తేడా వచ్చేదల్లా గ్రైండింగ్ దగ్గరే. గట్టిపొర దాటి లోపలికి పోతే కొత్తలో బాగానే నడిచి, కొన్నాళ్లకి గాడిలో గుంటలు పడి మళ్లీ అదే టకటక. ఇంకో చిక్కు, నాసిరకం చోట్ల ఒక కారు జాయింటూ ఇంకో కారు కడ్డీ కలిపి, బిగుసుకుంటోంది కదా అని పంపేస్తారు.

చవక కొత్త షాఫ్టు చేసేవాళ్లు అసలుదాన్ని కొలిచి నకలు తీస్తారు. పది మోడళ్లకు పది రకాలు చేస్తే గిట్టుబాటు కాదు కాబట్టి దగ్గర దగ్గర కొలతలున్న మోడళ్లన్నిటికీ ఒకే షాఫ్టు సరిపెడతారు, ఆ రబ్బరు బరువు తీసేస్తారు, బూటు రబ్బరు తక్కువ రకం వాడతారు. అన్నీ అలాగే ఉంటాయని కాదు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచినవీ ఉన్నాయి. కానీ ఏది అలా నడుస్తుందో కొనేముందు చెప్పలేం, ఎందుకంటే పెట్టె మీద బ్రాండు అదే ఉన్నా లోపలి సరుకు చేసిన ఫ్యాక్టరీ ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది ఇంకొకటి కావచ్చు.

కాబట్టి నేనైతే ఇలా చూస్తాను. అన్నిటికన్నా ముందు డీలర్ దగ్గరి కొత్తది, లేదా కార్ల కంపెనీలకే షాఫ్టులు చేసిచ్చే జీకేఎన్, ఎన్టీఎన్ లాంటివాళ్లు తమ పేరుతో బయట అమ్మేది మీ మోడల్‌కి దొరికితే అది. రెండోది డీలర్ దగ్గరే దొరికే కంపెనీ రీమాన్. టయోటా, హోండా వాళ్లు అమెరికాలో తమ పేరు మీదే రీమాన్ షాఫ్టులు అమ్ముతారు, మీ షాపువాళ్లు ఆ మాటే ఎత్తలేదు చూడండి. డీలర్ విడిభాగాల కౌంటర్‌కి ఫోన్ చేసి మీ విన్ నంబరు, అంటే కారు గుర్తింపు నంబరు చెప్పి అడగండి, మీ మోడల్‌కి ఉంటే కొత్తదానికన్నా బాగా తక్కువకే వస్తుంది, మీకు నా సలహా అదే. మూడోది పేరున్న రీమాన్ సంస్థది. పేరు వినని కొత్తది అన్నిటికన్నా చివర. అయితే ఏడాదిలోపు కారు అమ్మేద్దామనుకుంటుంటే ఆ చివరిదే వేయించండి, అంతకుమించి ఖర్చు పెట్టడం దండగ.

లైఫ్‌టైమ్ వారంటీ గురించి మాత్రం టెంప్ట్ అవ్వకండి. వాళ్లు ఇచ్చేది ఇంకో షాఫ్టు, దాన్ని బిగించే కూలీ మీరే పెట్టుకోవాలి. రెండుసార్లు విప్పి బిగిస్తే మిగుల్చుకున్న డబ్బు అక్కడికే చెల్లు.

రీమాన్ అంటే వాడేసిందాన్ని తుడిచి అమ్మడం కదా అన్న భయం చాలామందికి ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు దీనిమీద స్పష్టంగానే ఉన్నాయి. వాడిన భాగాన్ని కొత్తదని అమ్మకూడదు. రీబిల్ట్, రీమాన్యుఫ్యాక్చర్డ్ లాంటి మాటలు వాడాలంటే అవసరమైనంత మేర విప్పి, లోపలా బయటా శుభ్రం చేసి, తుప్పు వదిలించి, పాడైన భాగాలు బాగుచేసి లేదా మార్చి, సరిగ్గా పనిచేసేలా చేసి ఉండాలి. గాడి ఎంత లోతు గ్రైండ్ చేశారన్నది మాత్రం ఆ మాటలో తెలియదు, అందుకే ఎవరు చేశారన్నదే నేను పట్టి పట్టి అడుగుతున్నాను.

కోర్ డిపాజిట్‌కి భయపడకండి, అది వెనక్కి వచ్చే డబ్బే. పాత షాఫ్టుని కొత్తది వచ్చిన పెట్టెలోనే పెట్టి, రసీదు దాచుకుని, గడువెంతో అడిగి తెలుసుకోండి. కడ్డీ వంగినా విరిగినా కోర్‌గా తీసుకోకపోవచ్చు. అన్నట్టు, కొత్తది వేసిన వెంటనే పాతది ఇచ్చేయకండి. కనీసం ఒక వారం హైవే మీదా ఊళ్లోనూ తిప్పి చూశాక ఇవ్వండి. ఎందుకో కింద న్యూజెర్సీ పాఠకుడికి రాశాను.

ప్రశ్న: అన్నా, మాది విజయవాడ. 2014 స్విఫ్ట్ డీజిల్, బయటి జాయింట్ చప్పుడు చేస్తోంది. కంపెనీ షాఫ్టు ధరలో మూడో వంతుకే ఆటోనగర్‌లో రీకండిషన్ షాఫ్టు ఇప్పిస్తానంటున్నాడు మా మెకానిక్. ఆరు నెలల గ్యారంటీ అట, నోటిమాటే. మనిషి మంచివాడే, చాలాకాలంగా తెలుసు. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, పటమట

జవాబు: తమ్ముడూ, మీ మెకానిక్ మంచితనం మీద నాకే అనుమానమూ లేదు. ఆటోనగర్ పనివాళ్ల చేతుల మీద అసలే లేదు, ఎక్కడా దొరకని భాగాన్ని కూడా తయారుచేసి ఇవ్వగలరు వాళ్లు. కానీ పైన అమెరికా పాఠకుడికి రాసిన రీమానూ మన దగ్గర రీకండిషన్ అంటున్నదీ ఒకటి కావు. ఇక్కడ ఆ పేరుతో వచ్చేవి రకరకాలు. ఒకటి, తుక్కుకి వచ్చిన కారులోంచి తీసిన షాఫ్టుని కడిగి, కొత్త బూటు తొడిగి, నల్లరంగు వేసింది. ఇంకొకటి, పాత కడ్డీకి బయట దొరికే కొత్త లోకల్ జాయింట్ తగిలించింది. మరొకటి, గాడుల్ని రుద్ది నున్నగా చేసి గ్రీజు దట్టించింది. ఈ మూడో రకం మాత్రం ఎంత చవకైనా వద్దు, రుద్దాక పైపొర ఎంత గట్టిగా ఉందో కొలిచే ఏర్పాటు ఆ బెంచీ మీద ఉండదు.

ఆ షాఫ్టు ఏ రకమో మీరే చూసి తెలుసుకోవచ్చు, కష్టమేం కాదు. బూటు క్లాంపు విప్పమనండి. విప్పనంటే అక్కడితో ఆపేయండి. జాయింట్‌లోని గ్రీజుని డీజిల్ గుడ్డతో తుడిచి, లోపలి రింగుని ఒక పక్కకి వంచి, గాడిని ఎండలో పెట్టి చూడండి. గుండు దొర్లిన చోట మెరిసే పట్టీ ఉంటుంది, అది ఉండాల్సిందే. ఆ పట్టీ మీద అడ్డంగా వేలి గోరు నడిపించండి, ఎక్కడైనా గోరు తట్టుకుంటే, అంటే గుంటో మెట్టో తగిలితే, ఆ జాయింట్ పని అయిపోయింది. నీలం రంగు మచ్చలుంటే గ్రీజు లేక వేడెక్కి కాలిందని. తర్వాత కేజ్ కిటికీల్లో గుండ్లని వేలితో కదపండి, పక్కలకి లొడలొడలాడకూడదు. లోపలి జాయింట్, అదే గేర్‌బాక్స్ వైపుది, దాంట్లో మూడు రోలర్లుంటాయి, అవి తిరిగే గిన్నె గోడల మీద కూడా గోరుతో ఇదే పరీక్ష.

తుక్కు కారులోంచి వచ్చిన ఒరిజినల్ షాఫ్టు ఈ పరీక్షలన్నీ నెగ్గితే, కొత్త బూట్లు, కొత్త గ్రీజుతో నిశ్చింతగా వేయించుకోండి. లోకల్ జాయింట్ తగిలించిన దానికన్నా అది మేలు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న యాక్సిడెంట్ కారుదైతే మాత్రం కడ్డీ వంగిందేమో లేత్ మీద తిప్పి చూడమనండి.

ఇంతకీ మీకు పోయింది బయటి జాయింట్ ఒక్కటే అంటున్నారు. మరి కడ్డీ, లోపలి జాయింట్ మీవే, బాగానే ఉన్నవి, ఎందుకు పారేయాలి? బయటి జాయింట్ కిట్ మారుతీ కార్లకు విడిగా దొరుకుతుంది, బూటు, గ్రీజు, సర్‌క్లిప్ (ఊడిపోకుండా పట్టి ఉంచే ఉక్కు రింగు), నట్టుతో సహా. పేరున్న కంపెనీది తీసుకుని మీ షాఫ్టుకే వేయించండి. మొత్తం షాఫ్టు ధరలో కొంతే అవుతుంది, మీ కారు షాఫ్టు మీ కారులోనే ఉంటుంది. లోపలిది కూడా పోయి ఉంటే అప్పుడు మారుతీ జెన్యూన్ పార్ట్స్ కౌంటర్‌లో మొత్తం అసెంబ్లీ రేటు కనుక్కోండి.

నోటిమాట గ్యారంటీ వద్దు, బిల్లు మీద తేదీ, కిలోమీటర్ల రీడింగు, ఎన్ని నెలలో రాయించుకోండి. కారు విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. ‘బిల్లేస్తే 28 శాతం పడుతుంది, బిల్లు లేకుండా ఇస్తాను’ అని ఎవరైనా ఇంకా అంటుంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: నమస్తే అండీ. నా గ్రాండ్ ఐ10 సర్వీసుకి ఇస్తే ఎడమవైపు సీవీ బూటు చిరిగింది, మొత్తం డ్రైవ్ షాఫ్ట్ మార్చాలి అన్నారు. నడిపేటప్పుడు ఏ చప్పుడూ లేదు. కొత్తది వేయించాలా, బయట రీకండిషన్‌ది చూడాలా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: రెండూ వద్దమ్మా, బూటు మార్పించుకోండి చాలు. చప్పుడు లేదంటే జాయింట్ ఇంకా బాగుందనే ఎక్కువ అవకాశం. బూటు కిట్ వందల్లో పోయేది, షాఫ్టు వేలల్లో పోయేది.

అయితే ఆలస్యం చేయొద్దు. చిరుగులోంచి గ్రీజు బయటికి పోవడం ఒక ఎత్తు, నీళ్లూ ఇసుకా లోపలికి పోవడం ఇంకో ఎత్తు, జాయింట్‌ని తినేసేది ఆ రెండోదే. మొన్నటి వానల్లో నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడిపి ఉంటే ఇంకా తొందరపడాలి. బూటు విప్పినప్పుడు దగ్గరుండి, లోపలి గ్రీజు కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. జారుతూ మెత్తగా ఉంటే సంతోషం. గరగరలాడితే ఇసుక చేరిందని, అప్పుడు జాయింట్ పూర్తిగా కడిగించి, విజయవాడ పాఠకుడికి చెప్పిన గోరు పరీక్ష చేయించి ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకోండి. బూటు మార్చినా, షాఫ్టు మార్చినా విప్పే కూలీ దాదాపు ఒకటే, అందుకని పరీక్ష అప్పుడే అయిపోవాలి, రెండు నెలల తర్వాత మళ్లీ విప్పించుకోవడం కాదు.

షాఫ్టు విప్పకుండానే జిగురుతో అతికించే చీలిక బూట్లు దొరుకుతాయి, అవి వద్దు. ప్లాస్టిక్ ట్యాగులతో బిగిస్తే కూడా ఒప్పుకోకండి, ఉక్కు క్లాంపే ఉండాలి, అదీ దానికి వేరే పటకారుంటుంది, దాంతో నొక్కాలి. గ్రీజు కూడా డబ్బాలో ఉన్న మామూలుది కాదు, కిట్‌తో వచ్చే నల్లటి మాలిబ్డినం గ్రీజు ప్యాకెట్ మొత్తం వాడాలి.

షాఫ్టు మొత్తం మార్చాల్సిందే అని సర్వీస్ సెంటర్ వాళ్లు పట్టుబడితే, జాయింట్‌లో లోపం ఏమిటో చూపించి రాసివ్వమనండి.

ప్రశ్న: మా బొలెరో వెనక కుడి చక్రం దగ్గర బేరింగ్ పోయింది, షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోయిందట. లేత్ దగ్గర వెల్డింగ్ నింపి మళ్లీ సైజుకి తిప్పిస్తే కొత్తదానిలాగే ఉంటుందంటున్నారు. కొత్త షాఫ్టు దండగ అంటున్నారు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. దయచేసి చేయించకండి. ముందు చక్రాల షాఫ్టు పోతే కారు ఆగిపోతుంది, తోయించుకుని ఇంటికి రావచ్చు. మీది అలా కాదు. ఇలాంటి బళ్ల వెనక యాక్సిల్‌లో షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, షాఫ్టే బండి బరువునీ మోస్తుంది. అది బేరింగ్ దగ్గర విరిగితే చక్రం డ్రమ్ముతో సహా ఊడి బయటికొస్తుంది, ఆ చక్రానికి బ్రేకు కూడా ఉండదు. లోపల జనం, పైన సామాను, రోడ్డు మీద ఎదురొచ్చే బళ్లు, ఇవన్నీ ఆలోచించండి.

వెల్డింగ్‌తో వచ్చే నష్టం పైకి కనపడదు. షాఫ్టుని ఫ్యాక్టరీలో వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు, వెల్డింగ్ వేడి ఆ గట్టిదనాన్ని అక్కడికక్కడ చెడగొడుతుంది, వెల్డు అంచున ఉక్కు పెళుసెక్కుతుంది. లేత్ మీద తిప్పాక అద్దంలా మెరుస్తుంది, కొలత కూడా సరిపోతుంది, కానీ చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ ఆ అంచు మీద ఒత్తిడి ఒకసారి పైనా ఒకసారి కిందా పడుతూ, సన్నటి పగులు మొదలై మెల్లగా లోపలికి పాకుతుంది. నెలల పాటు ఏమీ తెలియదు.

కొత్త షాఫ్టు, కొత్త బేరింగ్, దాన్ని పట్టి ఉంచే కొత్త కాలర్, కొత్త ఆయిల్ సీల్, ఇదే మార్గం. ప్రెస్సు మీద ఎక్కించే ఆ కాలర్‌ని పాతది తీసి మళ్లీ వాడకూడదు. డబ్బుకి మరీ ఇబ్బందైతే అదే మోడల్ బండిలోంచి తీసిన ఒరిజినల్ షాఫ్టు పర్వాలేదు, కానీ బేరింగ్ చోటు కొత్తగా ఉండాలి, వంపు లేదని లేత్ మీద డయల్ పెట్టి చూడాలి, పగుళ్లు లేవని తేలాలి. పగుళ్లు చూడటానికి షెడ్డుల్లో పాత పద్ధతి ఒకటుంది, షాఫ్టుని కిరోసిన్‌లో బాగా నాననిచ్చి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూసి కాసేపు ఆగితే, పగులుంటే దాంట్లో దూరిన కిరోసిన్ బయటికి ఊరి సుద్ద మీద తడి గీత పడుతుంది. గీత ఏ కొంచెం కనపడినా ఆ షాఫ్టు తుక్కుకే.

బేరింగ్ ఎందుకు పోయిందో కూడా చూడండి. యాక్సిల్ పైన చిన్న బ్రీదర్, అంటే గాలి పోయే రంధ్రం ఉంటుంది, మట్టి పట్టి అది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, సీల్‌ని దాటి ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి వచ్చేస్తుంది. బ్రేకు లైనర్లు ఆయిల్‌తో తడిసి ఉంటే వాటినీ మార్చాల్సిందే.

ప్రశ్న: న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి రాస్తున్నాను. మా అకార్డ్‌కి నెల కింద కొత్త ఆఫ్టర్‌మార్కెట్ (బయటి కంపెనీ) యాక్సిల్ వేశారు. టకటక పోయింది కానీ సిగ్నల్ దగ్గర బ్రేక్ నొక్కి డ్రైవ్‌లో ఆగితే సీటూ స్టీరింగూ వణుకుతున్నాయి, న్యూట్రల్‌లో పెడితే ఆగిపోతుంది. షాపువాళ్లు ఇంజన్ మౌంట్ అంటున్నారు. ఇంతకుముందు ఈ వణుకు లేదు.
— ఒక పాఠకుడు

జవాబు: ఇంతకుముందు లేనిది యాక్సిల్ మార్చిన రోజు నుంచే మొదలైందంటే ముందు అనుమానం యాక్సిల్ మీదే, ఇంజన్‌ని పట్టి ఉంచే ఆ మౌంట్ మీద కాదు. చవక షాఫ్టుల మీద ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. డ్రైవ్‌లో పెట్టి ఆపినప్పుడు ఇంజన్ లాగుతుంటుంది, లోపలి జాయింట్ బిగువుగా ఉంటే ఆ చిన్న కదలిక జాయింట్‌లోనే జారిపోకుండా కడ్డీ గుండా బాడీకి చేరుతుంది. అసలు షాఫ్టుకున్న రబ్బరు బరువు కొత్తదానికి లేకపోయినా ఇలాగే ఉంటుంది.

పాత షాఫ్టు మీ దగ్గరుందా? ఉంటే దాన్ని ఒక్కరోజు బిగించి చూపించమనండి, వణుకు పోతే వాదనకి తావే లేదు. కోర్ అప్పుడే ఇచ్చేయొద్దని పైన ఫ్రిస్కో పాఠకుడికి రాసింది ఇందుకే. లేకపోతే మౌంట్‌ని కళ్లారా చూపించమనండి, రబ్బరు చిట్లి, అందులో ద్రవం ఉండే రకమైతే కారి ఉండాలి. ఊరికే అనుమానం మీద మౌంట్‌కి డబ్బు పెట్టకండి. షాపువాళ్లు అదే బ్రాండు ఇంకో షాఫ్టు వారంటీలో వేస్తామంటే ఒప్పుకోకుండా, డబ్బు వాపసు అడిగి హోండా రీమాన్‌కి మారండి.

వేగంలో వణుకు గురించి అడిగిన మరో ఇద్దరికి కూడా ఇక్కడే చెబుతున్నాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే కారు అటూ ఇటూ ఊగినట్టు వణికి, కాలు తీయగానే తగ్గితే అది లోపలి జాయింట్. కాలు పెట్టినా తీసినా ఒక వేగం దగ్గర ఒకేలా వణికితే టైరూ బ్యాలెన్సింగూ చూపించుకోండి, యాక్సిల్ జోలికి పోవద్దు. వేగంతో పాటు పెరిగే హమ్మనే మోత, మలుపులో మారితే వీల్ బేరింగ్.

ప్రశ్న: ఒక పక్క షాఫ్టు పోతే రెండో పక్కది కూడా మార్చాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదండీ. బ్రేకు ప్యాడ్లలాగా జంటగా మార్చాల్సినవి కావు ఇవి. రెండో పక్క బూట్లు మాత్రం చూపించుకోండి, బీటలు కనపడితే ఇప్పుడే మార్పించేయండి.

ప్రశ్న: కొత్త షాఫ్టు కొని పెట్టుకున్నాను, మా ఊరి మెకానిక్ చేతే వేయిస్తాను. దగ్గరుండి ఏమేం చూడమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు పాతదీ కొత్తదీ నేల మీద పక్కపక్కన పెట్టించండి. రెండు చివర్లా స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టండి, జాయింట్లు రెండూ పూర్తిగా లోపలికి నొక్కి పొడవు చూడండి, ఆయిల్ సీల్ ఆనుకునే చోటు నున్నగా ఉందో లేదో వేలితో తడమండి. కొన్ని మోడళ్లలో బయటి జాయింట్ మీద ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పళ్ల రింగు ఉంటుంది, పాతదానికి ఉంటే కొత్తదానికీ అన్నే పళ్లతో ఉండాలి. మాన్యువల్ గేరుదీ ఆటోమేటిక్‌దీ షాఫ్టులు ఒక్కటి కావు, ఎడమ కుడి కూడా వేరు, పెట్టె మీద నంబరు చూసి సరిపోయిందనుకోవద్దు.

తీసేటప్పుడు షాఫ్టుని చేత్తో పట్టి లాగనివ్వకండి, లోపలి జాయింట్ విడిపోతుంది, గేర్‌బాక్స్ దగ్గర చదునైన ఇనప పట్టీ దూర్చి మెల్లగా ఎత్తాలి. గేర్‌బాక్స్ ఆయిల్ సీల్ అదే చేత్తో మార్పించండి, ధర పెద్దదేం కాదు. కొత్త షాఫ్టు లోపలికి వెళ్లాక సర్‌క్లిప్ కూర్చున్నట్టు టక్కున తెలియాలి, తర్వాత కొంచెం లాగి చూస్తే రాకూడదు. షాఫ్టుని ఒక చివర తగిలించి గాలిలో వేలాడదీస్తే బూటు మడత దగ్గర నలుగుతుంది, తీగతో కట్టి పైకి పట్టి ఉంచమనండి.

అన్నిటికన్నా ముఖ్యం హబ్ నట్టు, అంటే చక్రం మధ్యలో షాఫ్టు చివరని బిగించే నట్టు. కొత్త నట్టే వాడాలి, పాతది కాదు. ఇంపాక్ట్ గన్‌తో గిర్రున తిప్పి వదిలేయడం కాదు, మీ కారు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి, అంటే బిగుతుకి, దాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, అంచుని గాడిలోకి నొక్కే రకమైతే నొక్కాలి. ఆ నట్టు పూర్తిగా బిగించకముందు కారు బరువు ఆ చక్రం మీద పడనివ్వకండి, షెడ్డులోంచి పక్కకి తోసినా సరే, వీల్ బేరింగ్ పాడైపోతుంది. షాఫ్టు తీసినప్పుడు కారిన గేర్ ఆయిల్ మళ్లీ నింపి లెవెల్ చూపించమనండి, చాలాచోట్ల మర్చిపోయేది ఇదే.

ఇల్లు చేరాక డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగే ఉంటే రింగు సరిపోలేదనో, సెన్సర్ వైరు లాగారనో అర్థం, అదే రోజు వెనక్కి తీసుకెళ్లండి. ఓ ఐదొందల కిలోమీటర్లయ్యాక చక్రం వెనక ఒకసారి తొంగిచూసి, క్లాంపుల దగ్గర గ్రీజు తడి, సీల్ దగ్గర ఆయిల్ తడి లేదని నిర్ధారించుకోండి.